దుబాయ్ నుంచి వాపస్ వచ్చినాయన, చేతిల 6 లక్షలు, చివరికి ఒక పిండి గిర్ని: మొత్తం కేసు

నేను జగిత్యాలలో చిన్న చిన్న యూనిట్లకి ప్రాజెక్టు రిపోర్టులు రాస్తుంట, బ్యాంకు లోన్ కాగితాలు, సబ్సిడీ అప్లికేషన్లు, ఇదే నా పని. "తక్కువ పైసలతో ఏం బిజినెస్ పెట్టాలె సార్" అని అడగని రోజు ఉండదు, అందుకే ఒక్క కేసు మొదటి నుంచి ఇప్పటిదాక లెక్కలతో సహా రాస్తున్న. ఆ భార్యాభర్తల పర్మిషన్ తీస్కునే రాస్తున్న, పేర్లు, ఊరు మాత్రం రాయట్లే.

2022 చివర్ల వచ్చిన్రు ఇద్దరూ. ఆయన దుబాయ్‌ల కంపెనీ క్యాంపుల ఏళ్ల తరబడి చేసి, కరోనా తర్వాత పని సరిగ్గ లేక వాపస్ వచ్చిండు, ఇక పోనంటడు. చేతిల 6 లక్షలు. మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఇది ఇంటింటి కథే, వీసా అయిపోయినంక చేతిల ఇంత మొత్తం, ఇంట్ల ఇద్దరు పిల్లలు, ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇస్తుంటరు. ఆయన అప్పటికే ఒక లిస్టు రాసుకొచ్చిండు: కిరాణం, పేపర్ ప్లేట్ల మెషిన్, టీ ఫ్రాంచైజీ, చికెన్ సెంటర్. నేను లిస్టు పక్కన పెట్టి ముందు ఆ 6 లక్షలు నిజంగ ఎంతో చూద్దామన్న.

ఊర్ల ఒకాయన దగ్గర లక్ష అప్పుంది, 2 రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 వేలు. ఏ బిజినెస్ అయినా మొదటి ఏడాది నూటికి 24 గ్యారంటీగ ఇస్తదని నేనైతే చెప్పలేను, ఆ అప్పు తీరిస్తే మాత్రం గ్యారంటీగ మిగుల్తది. అందుకే ఫస్ట్ అది కట్టేయమన్న. ఇల్లు గడవనీకి నెలకి 15 వేల లెక్కన ఆరు నెలలకి 90 వేలు, పిల్లల ఫీజులకి 30 వేలు తీసి వేరే అకౌంట్ల వేయించిన, అది కూడా ఆమె పేరు మీద. ఇంక మిగిలింది 3 లక్షల 80 వేలు. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది గానీ ఇదే అసలు పెట్టుబడి, 6 లక్షలు అనుకుని మొదలువెడితే నాలుగో నెలల ఫీజులు కట్టనీకి గల్లాపెట్టెల చెయ్యి పెట్టాల్సొస్తది, చిన్న షాపులు చానా వరకు అక్కడ్నే పడిపోతయ్, నష్టం వచ్చి కాదు.

ఇంక లిస్టు.

పేపర్ ప్లేట్లు ఆయనకి బాగ నచ్చింది. 2022 జులై 1 నుంచి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ బ్యాన్ అయింది కదా, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు అన్నీ పోయినయ్, ఇక పేపరే అని అందరూ మెషిన్ల మీద పడ్డరు. ఈయనకి ఒక కంపెనీ వాళ్లు ఆఫర్ ఇచ్చిన్రు, మెషిన్ 2 లక్షల 75 వేలు, ముడి పేపర్ మేమే ఇస్తం, మీరు చేసిన ప్లేట్లు మేమే కొంటం, బాండ్ పేపర్ మీద అగ్రిమెంట్. ఆ అగ్రిమెంట్ నేను చదివిన. "నాణ్యత సంతృప్తికరంగా లేనిచో సరుకు తిరస్కరించు హక్కు" అని ఒక లైన్ ఉంది, ఆ నాణ్యత ఎవరు చూస్తరు, ఏ కొలతతో చూస్తరు అన్నది ఎక్కడా లేదు. ఈ ఒక్క లైన్ చాలు, మెషిన్ పైసలు వచ్చినంక రెండో లోడ్ నుంచి ప్రతి ప్లేటుకీ వంక పెట్టొచ్చు. అయినా నేను వద్దు అనలే, రెండు పనులు చెప్పిన. ఒకటి, పోయిన నెల మీకు సరుకు అమ్మి మీ దగ్గర పైసలు తీస్కున్న ఇద్దరి ఫోన్ నంబర్లు ఇయ్యమని ఆ కంపెనీని అడుగు. రెండు, కరీంనగర్ హోల్‌సేల్ షాపుకి పోయి, కొనేటోని లెక్క కాదు అమ్మేటోని లెక్క, నేను ప్లేట్లు చేస్తున్న నా దగ్గర ఎంతకి తీస్కుంటరు అని అడుగు. నంబర్లు రాలే, "ప్రైవసీ" అన్నరట. హోల్‌సేల్ ఆయన చెప్పిన రేటుల నుంచి పేపర్ ఖర్చు తీసేస్తే ప్లేటుకి మిగిలేది పైసల్లనే, అది కూడా నెల రోజుల ఉద్దెర మీద. పైగా బంద్ పెడితే ఆ మెషిన్ ఎవరు కొంటరు, అప్పటికి సగం మంది అమ్ముదామని చూస్తున్నరు. అక్కడికి ఆ ఆలోచన పోయింది.

కిరాణం గురించి ఎక్కువ టైం పట్టలే. కంపెనీ ప్యాకెట్ల మీద నూటికి 8, 10 మిగిల్తే గొప్ప, ఊర్ల సగం మంది చుట్టాలే, బావ వచ్చి సాయంత్రం ఇస్త అంటే ఎట్ల కాదంటవ్? ఉద్దెర పుస్తకం నిండుతది, రాక్ ఖాళీ అయితది. ఆయన మనిషి కూడా మెత్తన, నోరు తెరిచి అడిగేటోడు కాదు. టీ ఫ్రాంచైజీ అయితే ఫీజు కట్టిన రోజే ఆ పైసలు మర్చిపోవాలె, వాపస్ రావు, ఇంక కిరాయి, ఇద్దరు పిల్లగాళ్ల జీతం వేరే, 3 లక్షల 80 వేలల్ల అది అయ్యేది కాదు.

చికెన్ సెంటర్ మాత్రం, నిజం చెప్తున్న, లెక్క ప్రకారం లిస్టుల అన్నిటికన్నా మంచిగున్నది అదే. పెట్టుబడి తక్కువ, రోజు సరుకు రోజు అమ్ముడు, ఆదివారం ఒక్క రోజే కిరాయి వెళ్లిపోతది. ఆయన సుత లిస్టుల రాసిండు గానీ ఎవరో చెప్తే రాసిండంతే, కోసే పని చెయ్యనన్నడు, మనిషిని పెడతనన్నడు. మనిషిని పెట్టే చికెన్ సెంటర్‌ల లాభం ఆ మనిషికే పోతది, తూకంల. అందుకని అది కూడా తీసేసినం.

లిస్టు అయిపోయింది, ఏం లేదు. అప్పటిదాక ఒక్క మాట మాట్లాడని ఆమె అప్పుడు అన్నది, "సార్, మా ఊర్ల గిర్ని బంద్ అయింది, పెద్దాయనకి చాతనైతలేదు, ఎండాకాలం కారం పట్టియ్యాలంటే కోరుట్ల పోవాలె, ఒక్క రోజు మొత్తం ఆడనే పోతది." లిస్టుల లేనిది, ఏ యూట్యూబ్ వీడియోల రానిది. నేను ఎవరి దగ్గరనైనా వెతికేది ఇదే, జనం ఇప్పటికే ఒక పని కోసం తిప్పలు పడి పైసలు పెడుతున్నరా, ఆ పైసలు చేతుల పడనీకి మనం ఎన్ని రోజులు ఆగాలె. గిర్నిల సరుకు మనది కాదు, వాళ్లు తెస్తరు, పట్టిస్తరు, అక్కడ్నే పైసలు ఇచ్చి తీస్కపోతరు. ఉద్దెర ఉండదు, ఎందుకంటే వాళ్ల మిరపకాయ మన దగ్గరనే ఉంటది కదా. స్టాక్ మీద పైసలు ఇరుక్కోవు.

కానీ ఊరికే మంచిగుంటది అంటే అయిపోదు, లెక్క కావాలె. ఆమెకి ఒక పని అప్పజెప్పిన: "చెల్లె, మీ మహిళా సంఘం మీటింగుల అందర్ని అడుగు, మీ ఇంట్ల ఏడాదికి కారం ఎంత, పసుపు ఎంత, వారానికి పిండి ఎంత." బిజినెస్ పెడుతున్నం వస్తరా అని అడగొద్దు, దానికి అందరూ వస్తమనే అంటరు, పోయినేడు ఎంత పట్టించిన్రు, ఎక్కడ, ఎంత ఇచ్చిన్రు అని అడగమన్న. తేలింది ఏందంటే ఇంటికి 4 నుంచి 6 కిలోల కారం, కిలో కిలోన్నర పసుపు. ఊర్ల 700 ఇండ్లు. సగం మంది వస్తరనుకుంటే 1,750 కిలోల కారం, కిలోకి 30 రూపాయల లెక్కన 52 వేల చిల్లర, కరెంటూ సీజన్‌ల పెట్టుకునే మనిషి కూలీ పోతే 40 వేలు. పసుపు కిలోకి 40, అది ఒక 18 వేలు. సంక్రాంతికి సకినాల పిండి 12 వేలు. గోధుమలు, జొన్నలు, బియ్యం రోజుకి 70 కిలోలు వస్తే సగటున 6 రూపాయలు, కరెంటు రిపేర్లు పోను నెలకి 7 వేలు, ఏడాదికి 84 వేలు. అన్నీ కలిపితే లక్షా యాభై నాలుగు వేలు, నెలకి 13 వేలకి దగ్గర. ఆయన దుబాయ్ నుంచి ఇంటికి పంపింది 25 వేలు. "ఇది సాలదు సార్" అన్నడు. కరెక్టే, సాలదు. గిర్ని ఇల్లు నడవనీకి కాదు తమ్మీ, ఇల్లు మునగకుండ ఉండనీకి, పైన వచ్చేది ప్యాకెట్ కారం మీద చూద్దాం, అది రెండో సంగతి అని చెప్పిన.

సబ్సిడీ దగ్గర ఒక మలుపు ఉంది, ఇది చానా మందికి తెల్వక పోగొట్టుకుంటరు, అందుకే కొంచెం వివరంగ రాస్తున్న. పీఎంఈజీపీ అని కొత్తగ యూనిట్ పెట్టేటోళ్లకి కేంద్రం లోన్ సబ్సిడీ స్కీం ఉంది, దాంట్ల ఈయన బీసీ, పల్లెటూరు, అంటే ప్రాజెక్టు ఖర్చుల 35 శాతం సబ్సిడీ, చేతి నుంచి 5 శాతం పెడితే సాలు. వినడానికి బంగారం. కానీ అది కొత్త యూనిట్‌కే, లోన్ శాంక్షన్ కాకముందే మెషిన్ బిగించి నడిపిస్తే అది పాత యూనిట్ కింద లెక్క, ఇంక రాదు. అప్లికేషన్, స్క్రూటినీ, బ్యాంకు, ట్రైనింగ్ ఇవన్నీ అయ్యేసరికి మిర్చి సీజన్ దాటిపోతది, సీజన్ పోతే ఒక ఏడాది పోయినట్టే. సబ్సిడీ కూడా చేతికిచ్చేది కాదు, బ్యాంకుల మూడేళ్లు డిపాజిట్ లెక్క పడి ఉంటది. దాని పక్కన పీఎంఎఫ్ఎంఈ అని ఇంకోటి ఉంది, 2020ల వచ్చింది, ఫుడ్ ప్రాసెసింగ్ చిన్న యూనిట్లకి, అదీ 35 శాతమే, 10 లక్షల దాక, సొంతంగ 10 శాతం పెట్టాలె, కానీ నడుస్తున్న యూనిట్ పెంచుకోనీకి కూడా ఇస్తరు. అందుకే ముందు సొంత పైసలతో చిన్నగ మొదలువెట్టి, ఒకటి రెండు సీజన్లు నడిచినంక పీఎంఎఫ్ఎంఈకి పోదామని డిసైడ్ చేసినం. ఇది అందరికీ చెప్పే సలహా కాదు, పెట్టుబడి పెద్దదైతే పీఎంఈజీపీ కోసం ఒక ఏడాది ఆగినా పర్వాలేదు.

ఖర్చు ఇట్లయింది. రాళ్ల గిర్ని 5 హెచ్‌పీ 80 వేలు. కారం, పసుపుకి పల్వరైజర్, అంటే పొడి కొట్టే మెషిన్, 5 హెచ్‌పీ సెకండ్ హ్యాండ్ 45 వేలు. బియ్యానికి చిన్నది 3 హెచ్‌పీ 35 వేలు. మూడు ఎందుకు అంటే కారం పట్టిన దాంట్ల గోధుమలు పోస్తే రొట్టె తిననీకి రాదు, రెండో సారి ఎవరూ రారు. త్రీ ఫేజ్ సర్వీసు, డిపాజిట్, వైరింగ్, స్టార్టర్ బోర్డు 55 వేలు, ఇంటి ముందర రేకుల షెడ్డు 60 వేలు, కాంటా, డ్రమ్ములు, జల్లెడలు, ఫ్యాన్ 20 వేలు. మొత్తం 2 లక్షల 95 వేలు, చేతిల 85 వేలు ఆగినయ్. రేపు బంద్ చేసినా మెషిన్లు సగం రేటుకన్నా పోతయ్, షెడ్డు ఇంటికి పనికొస్తది. కరెంటు సంగతి ఒకటి చెప్పాలె, ఎన్ని హెచ్‌పీలు రాయించుకున్నమో దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ నెలనెలా పడ్తది, గిర్ని నడిచినా నడవకపోయినా, అందుకే పెద్ద మోటార్ ఉంటే మంచిగుంటది కదా అని ఊరికే పెట్టుకోవద్దు. చిన్న యూనిట్లకి సర్కారు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఆన్‌లైన్‌ల ఆధార్‌తో అయిపోతది, దానికి కూడా 1,500 గుంజేటోళ్లు ఉన్నరు. తినే సరుకు పని చేసేటోళ్లకి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ అప్పుడు 12 లక్షల టర్నోవర్ లోపలికి ఏడాదికి 100 రూపాయలు. జీఎస్టీకి మన తెలంగాణల సరుకు అమ్మేటోళ్లకి 20 లక్షల లిమిట్, ఆంధ్రల 40, యూట్యూబ్‌ల 40 అని విని ఇక్కడోళ్లు ధీమాగ ఉంటరు, అది తప్పు. ఈయనకి అసలు ఆ దరిదాపుల్ల లేదు, పట్టినందుకు తీస్కునే కూలే టర్నోవర్, వాళ్ల మిరపకాయల రేటు కాదు.

2023 ఫిబ్రవరిల మొదలైంది. మొదటి వారంల వచ్చిన గొడవ తరుగు. ఒకామె 5 కిలోలు తెచ్చింది, 4 కిలోల 800 వచ్చింది, 200 గ్రాములు ఏమైనయ్ అని షెడ్డు ముందర నిలబడి అడిగింది, పది మంది వింటున్నరు. కాయల తేమ వేడికి పోతది, కొంచెం దుమ్ము పోతది, అది నిజం, కానీ పొద్దున్నే మొదటిగ పట్టేటోళ్లకి ఇంకోటి అయితది, మెషిన్ లోపల గోడలకి, జల్లెడకి పట్టుకుని కొంత లోపలే ఉండిపోతది, వాళ్ల కారం తర్వాతోళ్ల సంచిల పడ్తది. దానికి భార్యాభర్తలు వాళ్లే ఒక ఉపాయం చేసిన్రు, పొద్దున మెషిన్ ఆన్ చేయంగనే తమ సొంత మిరపకాయలు కిలో పోసి పడ్తరు, లోపల మిగిలేది వాళ్లదే మిగుల్తది. కాంటా జనం దిక్కు తిప్పి పెట్టిన్రు, పోసేముందు తూకం, పట్టినంక తూకం, పలక మీద సున్నం ముక్కతో రాస్తది ఆమె. పచ్చి కాయలు తెస్తే విరిచి చూపెడ్తది, విరగకుండ వంగితే ఇంకో ఎండ పెట్టి తీస్కరమ్మని వాపస్ పంపుతది. కూలీ పోయినా పంపుతది, అది నాకు నచ్చింది. పట్టిన కారం వేడి మీద కవర్ల పోయనియ్యదు, బేసిన్‌ల ఆరబెట్టి ఇస్తది, వేడిది మూట కడితే చెమట పట్టి ఉండలు కడ్తది. పసుపు కొమ్ములైతే ముందు దంచి ముక్కలు చేయాలె, అట్లనే పోస్తే జల్లెడ పగులుద్ది. సంక్రాంతికి సకినాల పిండికి నానిన బియ్యం తెస్తరు, అది రాళ్ల గిర్నిల పోస్తే రాయికి అంటుకుని ఆగిపోతది, 3 హెచ్‌పీ చిన్న మెషిన్ అప్పుడు పనికొచ్చింది.

మొదటి ఏడాది లెక్క అనుకున్నట్టు రాలే, వేరే తీర్గ వచ్చింది. కారం పక్క ఊర్ల నుంచి కూడా వచ్చి 2,400 కిలోలు అయింది. గోధుమ, జొన్న మాత్రం రోజుకి 45 కిలోలు దాటలే, ప్యాకెట్ పిండి కొంటున్నరు, బియ్యం తినే ఇండ్లే ఎక్కువ. ఖర్చులు పోను ఏడాదికి లక్షా ముప్పై వేల దాక మిగిలింది. ఇల్లు దాని మీద, పక్కన పెట్టిన 90 వేల మీద నడిచింది, ఆ పక్కన పెట్టిన పైసలే లేకుంటే మొదటి వానాకాలంలనే మళ్ల వీసా గురించి అడిగేటోడు.

ప్యాకెట్ కారం సీజన్ చివర్ల మొదలైంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల మిరపకాయలు క్వింటాలున్నర తెచ్చిండు, ఎక్కువ తేజ రకం, రంగుకి కొంచెం చపాటా రకం, కలిపి కిలో 240 పడ్డది. తొడిమలు, తేమ పోతే కిలోకి 870 గ్రాములు చేతికొస్తది, అంటే 276, పట్టుడు ప్యాకింగ్ రవాణా 20, 296కి తయారైంది. 400కి అమ్మిండు, హైదరాబాద్‌ల ఉన్న ఊరి పిల్లలు, సెలవుకి వచ్చి దుబాయ్ పోయేటోళ్లు, మొత్తం ముందే ఆర్డర్ చెప్పి తీస్కున్నదే. పట్టిచ్చుడు వేరు అమ్ముడు వేరు, పొడి మసాలాలు విడిగ తూచి అమ్మొద్దు, ప్యాక్ చేసి లేబుల్ వేసే అమ్మాలె, రూల్ అది, నేను మొదటి రోజే చెప్పిన.

అది బాగ పోయేసరికి 2024ల ధైర్యం వచ్చింది. రెండు నెలల ఆర్డర్లకి మించి కొనొద్దు తమ్మీ అన్న, వినలే, రేటు ఇంకా పెరుగుతదని ఎవరో చెప్పిన్రని 6 క్వింటాళ్లు కొని కోల్డ్ స్టోరేజీల పెట్టిండు, కిలో 200 పైన. పసుపు కూడా ఏడాది కింద 6 వేలున్న క్వింటాలు ఆ ఎండాకాలం ఎక్కడికో పోయింది కదా, అది చూసి మిర్చి కూడా అట్లనే పోతదనుకున్నడు. మిర్చి తిరగబడ్డది. 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిందంటే ఆంధ్ర రైతుల కోసం కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సొచ్చింది. ఈయన దగ్గర అప్పటికి ఇంక 3 క్వింటాళ్లు ఉన్నయ్, కోల్డ్ స్టోరేజీ కిరాయి కలుపుకుంటే 20 వేల పైన పోయింది. గిర్ని కూలి నడుస్తుంది కాబట్టి తట్టుకున్నడు. అదే మొదట్లనే మొత్తం పైసలు స్టాక్ మీద పెట్టి ఉంటే ఈ కేసు నేను రాసేటోణ్ని కాదు.

మధ్యల 2024 వానాకాలంల పీఎంఎఫ్ఎంఈకి అప్లికేషన్ పెట్టినం. ఆయన 4 లక్షల కొటేషన్ తెచ్చిండు, దాని మీద లోన్ 3 లక్షల 60 వేలు, ఐదేళ్లకి ఈఎంఐ 7,800 దాక అయితది. సీజన్ లేని నెలల గిర్ని మిగిల్చేదే 6, 7 వేలు, ఎట్ల కడ్తవ్? అవసరం లేని ఆటోమేటిక్ ప్యాకింగ్ మెషిన్ కొట్టేసి 2 లక్షల 50 వేలకి దించిన, సొంతం 25 వేలు, లోన్ 2 లక్షల 25 వేలు, ఈఎంఐ 4,900 చిల్లర, సబ్సిడీ 87,500, అది కూడా మూడేళ్లు అకౌంట్ సక్కగ నడిస్తేనే లోన్‌ల సర్దుతరు. కాగితాల పనికి ఆ స్కీంల జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఉంటరు, వాళ్లు ఫ్రీగ చేస్తరు, మా లాంటోళ్లకి పైసలు ఇయ్యాల్సిన పని లేదు, నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్న గానీ అదే నిజం.

ఇప్పుడు ఏడాది మొత్తం మీద సగటున నెలకి 21, 22 వేలు మిగుల్తుంది, ఈఎంఐ పోను. రోజువారీ గిర్ని ఆమె చూస్కుంటది, ఆయన సరుకు, ఆర్డర్లు. దుబాయ్ జీతం ఇంక దాటలే, దాటకపోవచ్చు కూడా, ఆయన ఆ మాట ఎత్తుత లేడు.

కొత్తగ గానుగ అడుగుతున్నరు, నువ్వుల నూనె. మా దిక్కు ఎండాకాలం నువ్వులు బాగనే వేస్తరు, రైతులు తమ నువ్వులు తెచ్చి పట్టించుకుంటరా లేకుంటే మనమే కొని అమ్మాలనా, దాని మీదనే మొత్తం ఉంది. కొని అమ్ముడైతే ఇంకో రెండేళ్లు ఆగమన్న. పట్టిచ్చుడైతే ఇంకో తకరారు, నూనె పోంగ మిగిలే చెక్క ఎవరిది, గానుగోనిదా రైతుదా. బర్లు ఉన్నోళ్లు చెక్క ఇయ్యమంటరు, చెక్క ఇచ్చేస్తే కూలి రేటు పెంచాలె, రేటు పెంచితే ఎంతమంది వస్తరో తెల్వాలె. సంఘంల అడుగుతా అన్నది ఆమె, ఈసారి పక్క ఊరి సంఘంల కూడా.